మా ఇంట్లో బీగిల్ ఉన్నది ఏడు నెలలే

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో ఏ ఇంటికి ఏ కుక్క సరిపోతుందో చెబుతూ వేసిన వ్యాసం చదివాను. పక్కనే ఇచ్చిన పట్టికలో చిన్న ఇంటికి చిన్న కుక్క, పెద్ద ఇంటికి పెద్ద కుక్క అని తేల్చేశారు. చిన్నవాటి వరుసలో బీగిల్ పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ల క్రితం ఇలాంటి పట్టికను నమ్మే నేను బీగిల్ పిల్లను తెచ్చుకున్నాను. అది మా ఇంట్లో ఉన్నది ఏడు నెలలు.

నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ఒంటరి కాపురం, కుడి మోకాలిలో నొప్పి. పెరిగినా పది పన్నెండు కిలోలకు మించని కుక్క, వేలాడే చెవులు, జాలి గొలిపే కళ్లు. ఇంకేం కావాలి అనుకున్నాను. బీగిల్ వేట కుక్క అని తెలుసు గానీ ఆ మాట లోతు తెలియదు. కుందేలు వాసన పట్టి, గుంపుగా గంటల తరబడి పరుగెత్తడానికి తరతరాలుగా పెంచిన జాతి అది. వెనకాల వచ్చే వేటగాడికి జాడ తెలియాలి కదా, అందుకని దూరానికి వినిపించేలా గొంతెత్తి కూయడం కూడా దాని ఉద్యోగంలో భాగమే. మైదానంలో ఆ కూతకు మెప్పు దొరుకుతుంది. మా మెట్ల మీద నాకు దొరికినవి కింది వాటా వారి ఫిర్యాదులు.

నేను తలుపు వేసి బయటికి వెళ్లగానే మొదలుపెట్టేది. గుంపులో బతికే జాతిని ఒంటరిగా వదిలితే ఇంకేం చేస్తుంది? వీధిలోకి వెళితే ముక్కు నేలకు ఆనించి లాగేది. ఆ ముక్కుకు ఏదైనా తగిలిందంటే నా పిలుపు చెవికెక్కేది కాదు. ముప్పై నాలుగేళ్లు వెనక బెంచీల వారిని కూర్చోబెట్టిన గొంతు నాది! ఒక సాయంత్రం మెట్లు దిగుతుండగా లాగిన లాగుడుకి పడి, ఆ మోకాలికే దెబ్బ తగిలించుకున్నాను. తప్పు దానిది కాదు. చివరికి పొలాల మధ్య ఇల్లు, పరుగులు తీసే పిల్లలు, తోడుగా మరో కుక్క ఉన్న బంధువులకు ఇచ్చేశాను. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. బాధ కలిగింది, దాచుకోను.

మళ్లీ ఆరు నెలలకు ఒక షెల్టర్‌కు వెళ్లాను. అక్కడి అమ్మాయి ఇంటి కొలతలు అడగలేదు. ఎన్నింటికి లేస్తారు, రోజుకు ఎన్ని గంటలు బయట ఉంటారు, వాన కురుస్తున్నప్పుడు బయట తిప్పేది ఎవరు, మీకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు అని ఆరా తీసింది. తర్వాత ఒక ఆరేళ్ల ఆడకుక్కను చూపించింది. ఇరవై ఎనిమిది కిలోలు. ఏ జాతుల కలయికో ఎవరికీ తెలియదు. నాకు గుండె జారింది. అయినా మూడు వారాలు వరుసగా వెళ్లి దానితో నడిచి చూశాను. నా కుంటి నడకకు తగ్గట్టే అడుగు వేసింది. ఇప్పుడు రెండు పూటలా అరగంట నడిస్తే చాలు, మిగతా రోజంతా నిద్రే. బీగిల్ ఉన్నప్పటి కన్నా ఇల్లు విశాలంగా ఉంది.

పట్టిక వేసినవారు ఇది గమనించాలి. గంటకు 70 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల గ్రేహౌండ్ ఇంట్లో చాలావరకు పడుకునే ఉంటుంది. నక్కను బొరియలోంచి తరమడానికి పెంచిన జాక్ రస్సెల్ టెర్రియర్ ఒళ్లో పట్టేంతే ఉన్నా కాలు నిలవదు. అలాగని జాతి పేరొక్కటే చూసినా పప్పులో కాలేసినట్టే. 18 వేలకు పైగా కుక్కల మీద జరిపిన పరిశీలన ఒకటి 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేవి సుమారు 9 శాతమేనట. ఈ మాట నా బీగిల్ కథకు అడ్డం వస్తుందని తెలిసే రాస్తున్నాను. నెమ్మదైన బీగిళ్లూ ఉండే ఉంటాయి, నాకు దొరికింది అది కాదు. కుక్కపిల్ల పెరిగి ఎలా తయారవుతుందో ఊహించుకోవలసిందే. ఎదిగిన కుక్క గుణం మాత్రం నడిపించి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో మాట. పగ్ గురక ముద్దొస్తుందని రాశారు. ముఖం నొక్కుకుపోయినట్టుండే ఆ జాతుల్లో చాలా వాటికి ఊపిరి సరిగా ఆడక వచ్చే చప్పుడు అది. ఆ వాక్యానికి సవరణ వేస్తే మంచిది.

ఆ పట్టిక మళ్లీ అచ్చు వేసేటట్లయితే ‘ఇంటి వైశాల్యం’ అనే గడి కొట్టేసి, ‘రోజూ ఎవరు నడిపిస్తారు, ఎంతసేపు’ అని పెట్టండి. ఇంకా రాయాలని ఉంది గానీ ఆరు కావస్తోంది, ఇది వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు