షాకిల్ పిన్ను బదులు బోల్టు పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో వాన నీళ్లు తోడేసి మళ్లీ బ్లాకులు ఎత్తే పని మొదలైంది. క్రేనుకు ఆయిలు మారుస్తున్నారు, వైర్ రోపుకు గ్రీజు పూస్తున్నారు, బ్రేకులు చూసుకుంటున్నారు. హుక్కుకూ స్లింగుకూ (రాయిని పట్టి ఎత్తే తాడు లేదా బెల్టు) మధ్య ఉండే షాకిల్‌ను, అంటే రెండు చివర్ల రంధ్రాల్లో పిన్ను దూర్చి మూసే యు ఆకారపు ఇనుప ముక్కను మాత్రం బురద కూడా తుడవకుండా తగిలించేస్తున్నారు. రాయి బరువంతా ఆ పిడికెడు ఇనుము మీదే ఉంటుంది. దాని ఎంపికలో, తనిఖీలో జరుగుతున్న తప్పులను క్వారీ యజమానులు, మేస్త్రీలు, కలాసీల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. గుండ్లాపల్లి పాలిషింగ్ యూనిట్లకూ, కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల యంత్రాలు ఎత్తి దించేవాళ్లకూ ఇవే మాటలు వర్తిస్తాయి.

ముందు బరువు లెక్క చూద్దాం. ఇక్కడి గెలాక్సీ గ్రానైట్ రాయి ఘనమీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న బ్లాకు 20 టన్నుల పైమాటే. రెండు కాళ్ల స్లింగు కదా, కాలుకు 10 టన్నులే పడుతుందని 12 టన్నుల షాకిల్ తగిలిస్తారు. స్లింగు కాళ్లు నిలువుగా ఉంటేనే ఆ లెక్క సరిపోతుంది. కాలు నేలకు 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో షాకిల్ మీద దాదాపు 11.7 టన్నులు పడుతుంది. 45 డిగ్రీలకు పడిపోతే 14 టన్నులు దాటుతుంది. 30 డిగ్రీలైతే ఒక్కో కాలు మొత్తం బ్లాకంత బరువు మోస్తున్నట్టే. 60 డిగ్రీల దగ్గరే 12 టన్నులది అంచుకు వచ్చేస్తుంది కాబట్టి ఇదే బ్లాకుకు అక్కడ 13.5 టన్నుల షాకిల్, 45 దగ్గర 17 టన్నులది కావాలి. 30 డిగ్రీలకు వచ్చిందంటే షాకిల్ మార్చడం కాదు, పొట్టి స్లింగు తీసి పొడుగుది వేయాలి.

ఈ టన్నులు షాకిల్ బాడీ మీద అచ్చుపోసి ఉంటాయి. తయారీదారు గుర్తు, సైజు కూడా అక్కడే కనిపిస్తాయి. సాధారణంగా దొరికే ఫోర్జింగ్ రకంలో 25 మిల్లీమీటర్లది 8.5 టన్నులు, 35ది 13.5, 38ది 17 టన్నులు. అయితే మందం చూసి టన్నులు చెప్పడం తప్పు. అదే మందంలో ఉన్న మామూలు స్టీలు షాకిల్ అంతకన్నా చాలా తక్కువ మోస్తుంది. అంకె లేని షాకిల్, అంకె అరిగి చదవడానికి రాని షాకిల్ ఎంత కొత్తగా మెరుస్తున్నా ఎత్తుడు పనికి పనికిరాదు. అవి లారీ మీద పట్టా కట్టుకోవడానికే. “13.5 అని ఉన్నా 40 దాకా లాగుతుందిలే” అనే మాట క్వారీల్లో తరచూ వినిపిస్తుంది. తెగే బరువుకూ రాసిన బరువుకూ మధ్య 5, 6 రెట్ల తేడా ఉంచేది కుదుపులకూ అరుగుదలకూ. మనం వాడుకోవడానికి కాదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది పిన్ను పోయినప్పుడు హార్డ్‌వేర్ షాపు బోల్టు దూర్చడం. షాకిల్ పిన్ను ఎప్పుడూ బాడీ కన్నా లావుగా ఉంటుంది. 35 మిల్లీమీటర్ల షాకిల్‌కు పిన్ను 38. రెండు చెవుల (పిన్ను దూరే రంధ్రాలున్న చివర్ల) మధ్య బరువు పడినప్పుడు పిన్నుకు వంగే ఒత్తిడి వస్తుంది కాబట్టి దాన్ని గట్టి మిశ్రమ లోహంతో చేసి, కాల్చి చల్లార్చి మరింత గట్టిపరుస్తారు. మామూలు బోల్టుకు ఆ చేవ లేదు. పైగా రంధ్రంలో వదులుగా కూర్చుంటుంది. మొదటి ఎత్తుకు ఏమీ కానట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం బోల్టు రవ్వంత వంగుతుంది, చెవులు రవ్వంత విచ్చుకుంటాయి. ఆ తర్వాత ఏ ఎత్తుకు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక కంపెనీ పిన్ను ఇంకో కంపెనీ బాడీకి వేయడమూ ఇలాంటిదే. పిన్ను పోతే షాకిల్ కూడా పోయినట్టే లెక్క.

థ్రెడ్డుతో బిగించే స్క్రూ పిన్నును, దాని తల కింది భుజం చెవికి ఆనేదాకా పూర్తిగా బిగించాలి. తర్వాత బిగుసుకుపోతుందని పావు చుట్టు వెనక్కి తిప్పడం మనవాళ్లకు అలవాటు. అది మానేయాలి. నిజానికి బరువు దించాక పిన్ను చేత్తో తిరగడం లేదంటే అది వంగిందనో, చెవులు విచ్చుకున్నాయనో అనుమానించాలి. సుత్తితో కొట్టి తీసి మళ్లీ అదే వాడుతున్నారు. స్లింగును రాయి చుట్టూ ఉచ్చులా బిగించి, అంటే ఉరి వేసి ఎత్తేటప్పుడు పిన్ను స్లింగు కంటిలో ఉండాలి, జారే తాడు వంపు మీద నడవాలి. తిరగేసి వేస్తే జారే తాడు పిన్నును తిప్పి విప్పేస్తుంది. డెరిక్ క్రేను స్తంభాన్ని నిలబెట్టే గై రోపుల్లాంటి, నెలల తరబడి విప్పని చోట్ల స్క్రూ పిన్ను వద్దు. తయారీలోనే నట్టూ స్ప్లిట్ పిన్నూ ఉండే బోల్టు రకం షాకిలే వేయాలి; ఇది షాపు బోల్టు కాదు.

రెండు కాళ్లు ఒకే షాకిల్‌లో కలిసేచోట వంపు వెడల్పుగా ఉన్న బో షాకిల్ వాడాలి. పిన్ను హుక్కులో, స్లింగు కాళ్లు వంపులో ఉండాలి. కాళ్ల మధ్య 120 డిగ్రీలు దాటకూడదు. వంపు ఇరుకుగా ఉన్న డీ షాకిల్ నేరు లాగుడుకే. పక్కకు లాగితే బో షాకిల్ కూడా 45 డిగ్రీల దగ్గర 70 శాతం, 90 దగ్గర సగమే మోస్తుంది. 13.5 టన్నులది 6.75 టన్నులదైపోతుంది. రాతి పరుపు నుంచి ఇంకా పూర్తిగా విడిపోని బ్లాకును పక్కనుంచి ఊడలాగేటప్పుడు జరిగేది ఇదే. అప్పుడు రాయి బరువు లెక్కలోకి రాదు, క్రేను ఎంత లాగగలిగితే అంతా షాకిల్ మీదే పడుతుంది. పాలిషింగ్ యూనిట్లలో బెల్టు స్లింగును ఇరుకు షాకిల్‌లో కుక్కితే బెల్టు మడత పడి ఒక అంచే మొత్తం మోస్తుంది.

ఇక తనిఖీ. పిన్ను విప్పి, డీజిల్‌తో కడిగి, వైరు బ్రష్ కొట్టాకే చూడాలి. బురద మీద చూసిన చూపు చూపు కాదు. పిన్నును పాలిష్ చేసిన పలక మీద, తల అంచుకు బయట ఉండేలా పెట్టి దొర్లించండి. కింద వెలుగు సందు కనిపిస్తూ మాయమవుతూ ఉంటే వంగినట్టే. స్లింగు ఆనే వంపు లోపలి భాగమూ, పిన్ను నడుమూ ఎక్కువగా అరుగుతాయి. అక్కడ వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టండి. అసలు కొలతలో 10 శాతం తగ్గితే తీసేయాలి. అంటే 38 ఉండాల్సిన పిన్ను 34.2కు వస్తే దాని పని అయిపోయింది. రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా సాగాయా, థ్రెడ్డు పళ్లు చదునయ్యాయా చూడాలి. చెవుల మొదట్లో, వంపులో పగుళ్ల అనుమానముంటే పగుళ్లలోకి దిగే ఎర్ర రంగు చల్లి, పైది తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే వెంట్రుకంత పగులైనా ఎర్ర గీతై బయటపడుతుంది. వెల్డింగు చుక్క పడిన మచ్చ, గ్యాసు మంట తగిలిన నీలి రంగు ఉంటే మారు మాట లేకుండా పక్కన పెట్టాలి. వేడి తగిలితే గట్టిపరచిన లోహం తన చేవ పోగొట్టుకుంటుంది. సముద్రగాలి తగిలే కృష్ణపట్నం వైపు తుప్పు గుంటలు పడినవాటినీ ఇలాగే చూడాలి.

ఇవి పని చేసేవాళ్లు రోజూ చేసుకోవాల్సినవి. ఎత్తుడు సామానును కనీసం 12 నెలలకొకసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే ఉండేది. ప్రతి షాకిల్‌కూ ఒక నంబరు కొట్టి, రిజిస్టరులో ఒక వరుస రాస్తే చాలు. ఆ రిజిస్టరు క్రేను దగ్గర ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. తనిఖీకి వచ్చే అధికారులు కూడా క్రేను కాగితాలతో సరిపెట్టక, ఒక్క షాకిల్ విప్పించి పిన్ను చూడాలని కోరుతున్నాం.

తీసేసిన షాకిల్‌ను అలాగే తుక్కుకు వేయకండి. రంగు పూసుకుని ఒంగోలు పాత ఇనుము కొట్టు నుంచి మళ్లీ ఏదో క్వారీకి చేరుతుంది. గ్యాసు కట్టరుతో బాడీని రెండు ముక్కలు చేసి, పిన్నును కూడా నడిమికి కోసి అప్పుడు అమ్మండి.

– కొందరు రిగ్గింగ్ మేస్త్రీలు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా