హాలు ఖాళీ అయ్యాక కాసేపు ఆగు

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు గోల పెడుతుంటే నేను ఊ కొడుతూ ఉండిపోయాను. అక్కడే జవాబు చెబితే వాదనలోకి దిగుతాం, అందుకని రాస్తున్నాను. ఒకే వారంలో స్మారకోపన్యాసం, డిపార్ట్‌మెంట్ల ఎగ్జిబిషన్, చివర్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనం. వాలంటీర్ల లిస్టులో నీ పేరు నిన్నడగకుండానే ఎక్కించేశారు. "కుర్చీలు సర్దడానికా నేను పీజీలో చేరింది? పరీక్షల ముందు ఈ టెన్షన్ ఒకటా? ఏదో వంక చెప్పి తప్పించుకుంటా" అన్నావు.

అడగకుండా పేరు రాయడం తప్పే. ఆ మాట వాళ్లకి మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పు. తప్పించుకోవడం మాత్రం వద్దు. యూనివర్సిటీ ఆఫీసులో సభల ఏర్పాట్లు చూసే సెక్షన్‌లోనే ఉద్యోగమంతా గడిపిన మనిషి ఇంకేం చెబుతుంది అని నవ్వుకుంటావు. నవ్వుకో. సర్టిఫికెట్ ఇస్తారు, బయోడేటాలో రాసుకోవచ్చు అని మాత్రం నేను అనను. అలాంటి సర్టిఫికెట్లు కట్టలు కట్టలు ప్రింట్ చేయించినదాన్ని, వాటిని ఎవరు ఎంత చదువుతారో నాకు తెలుసు.

నేను చెప్పదలుచుకుంది ఇంకొకటి. ఏ సభలోనైనా పనికొచ్చే సంగతి చాలావరకు సభ అయిపోయాకే మొదలవుతుంది. ఆ సమయానికి జనం బస్సుల కోసం పరిగెడుతుంటారు. హాల్లో మిగిలేది వక్త, నిర్వాహకులు, మైకు వైర్లు చుట్టే కుర్రాడు, వాలంటీర్లు. అక్కడ నువ్వుంటావు.

జేమ్స్ స్టూవర్ట్ అని కేంబ్రిడ్జిలో ఒక యువ అధ్యాపకుడు ఉండేవాడు. 1867లో ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్లకు వెళ్లి అక్కడి ఆడవాళ్లకి సైన్స్ పాఠాలు చెప్పాడు. కుర్రవాడు అమ్మాయిలను ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలడగడం బాగోదని పెద్దలు సణిగారట. సరే అని ఆయన ప్రశ్నలు అచ్చు వేయించి పంచి, జవాబులు పోస్టులో పంపమన్నాడు. ఆ తర్వాత రాచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్లో కార్మికుల సహకార సంఘం వాళ్లకి ఉపన్యాసాలు ఇస్తున్నప్పుడు ఒక సాయంత్రం ఆయనకి తొందరపడి వెళ్లిపోవాల్సి వచ్చింది. గోడకి తగిలించిన బొమ్మల పటాలు విప్పే తీరిక లేక, వచ్చేవారం దాకా వాటిని అలాగే ఉండనిమ్మని హాలు చూసుకునే మనిషికి చెప్పి వెళ్లాడు. మళ్లీ వచ్చేసరికి ఆ మనిషి ఎదురొచ్చి, మీరు చేసిన మంచి పనుల్లో ఇదొకటండీ అన్నాడు. మధ్యలో ఏదో మీటింగుకి వచ్చిన సభ్యులు ఆ బొమ్మల ముందు నిలబడి చర్చలు పెట్టుకున్నారట. బోలెడు సందేహాలు పోగేసుకుని, ఉపన్యాసం కంటే ముందే వస్తామన్నారట. స్టూవర్ట్ అప్పటి నుంచి ఉపన్యాసానికి తోడు చర్చకి కూడా వేరే సమయం పెట్టాడు. 1873లో కేంబ్రిడ్జి ఈ పద్ధతిని అధికారికంగా చేపట్టింది. బయటి ఊళ్లలో యూనివర్సిటీ పాఠాలు అలా మొదలయ్యాయి.

ఈ కథలో నాకు బాగా నచ్చేది హాలు చూసుకునే మనిషి. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో విన్నదీ, గుర్తుపెట్టుకున్నదీ, వక్త చెవిన వేసిందీ ఆయనే. ఆయన పేరు ఎవరూ రాసి పెట్టలేదు. వాలంటీర్ పని అంటే నా లెక్కలో అదీ.

స్మారకోపన్యాసం రోజు నిన్ను గుమ్మం దగ్గర నిలబెడతారు అనుకుంటాను. వచ్చేవాళ్లని ఐడీ కార్డు అడగమని ఎవరైనా చెబితే, ఎందుకు అని ఒకసారి అడుగు. బయటివాళ్లు రావాలనే ఇలాంటి ఉపన్యాసాలు పుట్టాయి. ఎడిన్‌బరోలో ఆడమ్ గిఫర్డ్ అనే జడ్జి 1887లో చనిపోతూ స్కాట్లండ్‌లోని నాలుగు యూనివర్సిటీలకి ఉపన్యాసాలు పెట్టించమని డబ్బు వదిలి వెళ్లాడు. ఆ ఉపన్యాసాలకి విద్యార్థులే కాదు, ఊళ్లో ఎవరైనా పేరు నమోదు చేసుకోకుండా వచ్చి కూర్చోవచ్చని విల్లులోనే రాశాడు. 1888లో మొదలైనవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1827-28 శీతాకాలంలో బెర్లిన్‌లో అలెగ్జాండర్ హంబోల్ట్ అనే శాస్త్రవేత్త ప్రకృతి గురించి యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే, ఒక సంగీత సంఘం హాల్లో ఊరందరి కోసం ఉచితంగా ఇంకో వరస ఉపన్యాసాలు ఇచ్చాడు. రాజుగారు వచ్చారు, తాపీమేస్త్రీలు వచ్చారు, ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. బెర్లిన్ ఉన్న ప్రష్యా రాజ్యంలో ఆడపిల్లలకి యూనివర్సిటీ సీటు దొరికింది 1908లో. అంటే ఎనభై ఏళ్ల ముందు వాళ్లకి దొరికింది ఆ హాలు ఒక్కటే.

ప్రతి ఉపన్యాసానికీ వచ్చే పెద్దవాళ్లు కొందరుంటారు, చూస్తావుగా. రిటైరై ఉంటారు, చేతిలో నోట్‌బుక్ ఉంటుంది, ఇంకా కుర్చీలు వేస్తుండగానే వచ్చేస్తారు. విషయం భూగర్భ శాస్త్రమైనా ఒకటే, వ్యాకరణమైనా ఒకటే. మా ఆఫీసులో కొందరు వీళ్లని వేళాకోళం చేసేవాళ్లు, ఏసీ కోసం వస్తారని. నాకు ఒళ్లు మండేది. వక్త ఎంత కష్టపడి తయారైనా, హాల్లో అటెండెన్స్ కోసం కాకుండా వినడానికే వచ్చినవాళ్లు వాళ్లే. వాళ్లకి ముందు వరుసల్లో చోటివ్వు. ముఖ్య అతిథుల కోసమని రెండు వరుసలు ఖాళీగా అట్టే పెట్టి, చివరికి ఎవరూ కూర్చోకపోతే, అంత సిగ్గుచేటు ఇంకోటి ఉండదు.

ఇక విషయం అర్థం కాదేమో అన్నావు. నీది కెమిస్ట్రీ, ఉపన్యాసం ఖగోళం మీద. అర్థం కాకపోతే ఏమైంది? 1931 మేలో ఐన్‌స్టీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చాడు, అదీ జర్మన్‌లో. మొదటిరోజు కిటకిటలాడిన హాలు తర్వాత పలచబడింది. 1943లో ష్రోడింగర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, జీవకణం లోపల జరిగేదాన్ని భౌతికశాస్త్రం వివరించగలదా అనే విషయం మీద మాట్లాడాడు. ఇది కష్టమైన విషయం అని ముందే హెచ్చరించాడు కూడా. అయినా సుమారు నాలుగు వందల మంది వచ్చారు, చివరిదాకా పెద్దగా తగ్గలేదని ఆయనే రాసుకున్నాడు. ఆ ఉపన్యాసాలు మరుసటి ఏడాది చిన్న పుస్తకంగా వచ్చాయి. అది చదివే జీవశాస్త్రం వైపు మనసు మళ్లిందని వాట్సన్ చెప్పాడు, తన మీదా దాని ప్రభావం ఉందని క్రిక్ చెప్పాడు. 1953లో డీఎన్‌ఏ నిర్మాణం చెప్పింది ఆ ఇద్దరే. ఆ హాల్లో కూర్చున్న నాలుగు వందల మందిలో ఎందరికి మొత్తం అర్థమై ఉంటుంది? నువ్వు మొత్తం అర్థం చేసుకోనక్కర్లేదు, ఒక్క సందేహం తెచ్చుకుంటే చాలు.

ఆ సందేహం అడగాలి కూడా. ఇక్కడే మన సభలు చెడిపోతాయి. వక్తని పరిచయం చేసే పెద్దమనిషి ఆయన డిగ్రీలన్నీ చదువుతాడు, అధ్యక్షుడు తన అభిప్రాయం సుదీర్ఘంగా చెబుతాడు, ప్రశ్నల వేళకి "సమయాభావం వల్ల" అంటారు. కార్యక్రమం కాగితం నీ చేతికి వస్తే ప్రశ్నలకి కేటాయించిన సమయం చూడు. లేకపోతే రాయించు. ఎంత మొహమాటమైనా సరే, పరిచయాన్ని ఐదు నిమిషాలకి కుదించమని అడుగు. నీ వంతు వచ్చినప్పుడు "నాదొక చిన్న ప్రశ్న" అని మొదలుపెట్టి ఉపన్యాసం ఇవ్వకు. ఒక్క వాక్యంలో అడిగి కూర్చో. మైకు దగ్గరికి వెళ్లడానికి భయమేస్తే, అయిపోయాక వక్త సంచి సర్దుకుంటున్నప్పుడు అడుగు. అప్పుడు ఆయన పక్కన పెద్ద గుంపేమీ ఉండదు. వేదిక మీద చెప్పలేనివి, ఇంకా తేలని సంగతులు, అప్పుడే చెబుతారు. బోర్డు తుడవొద్దని ఆ మైకు కుర్రాడికి ముందే చెప్పి పెట్టుకో.

బోర్డు అంటే గుర్తొచ్చింది. ఐన్‌స్టీన్ మే 16న రాసిన బోర్డుని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తుడవనివ్వకుండా దాచారు. విశ్వం సాంద్రత, పరిమాణం, వయసు లెక్కలు సుద్దముక్కతో రాసినవి అలాగే ఉన్నాయి. సైన్స్ చరిత్ర మ్యూజియంలో పెట్టారు. ఆ మ్యూజియం ఉన్న భవనం కూడా మామూలుది కాదు. ఎలియస్ ఆష్మోల్ ఇచ్చిన వింత వస్తువుల కోసం 1683లో కట్టించి, జనానికి తలుపులు తెరిచిన భవనం అది. యూనివర్సిటీ మ్యూజియంలలో దాదాపు మొట్టమొదటిది. 1710లో జర్మనీ నుంచి ఉఫెన్‌బాక్ అనే పండితుడు దాన్ని చూడటానికి వెళ్లాడు. ఆ రోజు సంత. పల్లెటూరి జనం, ఆడవాళ్లు, అందరూ లోపలికొచ్చి కనిపించిందల్లా పట్టుకుని చూస్తున్నారని చిరాకుపడుతూ రాసుకున్నాడు. ఆరు పెన్నీలిస్తే ఆడవాళ్లని కూడా రానిస్తున్నారు అని ఆయన బాధ! నాకైతే ఆ రోజు ఆ హాలు చూడాలనిపిస్తుంది.

మీ ఎగ్జిబిషన్‌లో కూడా ఉఫెన్‌బాక్‌లు ఉంటారు. "ముట్టుకోరాదు" అని బోర్డులు రాయించేవాళ్లు. పగిలేవీ కాలేవీ అయితే సరే, మిగతావి పట్టుకోనివ్వండి. స్టాల్ దగ్గర నిలబెట్టిన పిల్లలు బట్టీ పట్టిన పేరా అప్పజెబుతారు, మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. నువ్వు అలా చేయకు. ముందు వచ్చినవాళ్లని అడుగు, మీకు ఇది ఏమిటనిపిస్తోందీ అని. స్కూలు పిల్లలు చెప్పే జవాబులు మీ ప్రొఫెసర్లకి తోచవు. కార్డుల మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కళ్లజోడు మర్చిపోయి వచ్చినవాళ్లు కూడా చదవగలగాలి. ఇంతకంటే ఎగ్జిబిషన్ గురించి నా దగ్గర పెద్దగా లేదు.

సమ్మేళనం గురించి నువ్వు ఎక్కువ విసుక్కున్నావు. ముసలాళ్లు ఫోటోలు దిగి, మా రోజుల్లో అంటూ కబుర్లు చెప్పి వెళ్లిపోతారు అన్నావు. కొంత నిజమే. యూనివర్సిటీలు కూడా వాళ్లని విరాళాల కోసమే పిలుస్తాయనే మాట ఉంది, అదీ కొంత నిజమే. కానీ ఇలాంటి సంఘాల్లో ఇప్పటికీ నడుస్తున్న అతి పాతది ఎలా పుట్టిందో విను. అమెరికాలో విలియమ్స్ కాలేజీ 1793లో పెట్టారు. 1821లో దాని అధ్యక్షుడే కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆమ్‌హర్స్ట్ అనే ఊరికి వెళ్లి అక్కడ కొత్త కాలేజీ మొదలుపెట్టాడు. ఇక విలియమ్స్ మూతపడుతుందనుకున్నారు. అప్పుడు అక్కడ చదివి వెళ్లినవాళ్లు చేరి, కాలేజీని నిలబెట్టాలని సంఘం కట్టారు. కాలేజీ ఇప్పటికీ ఉంది, సంఘమూ ఉంది.

వేదిక ఎక్కించే పెద్దవాళ్ల సంగతి నువ్వు పట్టించుకోకు, వాళ్ల చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఒక గోడ పక్కన ఒంటరిగా నిలబడి, పడగొట్టేసిన పాత ల్యాబ్ ఎక్కడుండేదా అని చూసుకుంటూ ఉండే మనిషి కనిపిస్తారు. వెళ్లి పలకరించు. ఇంకా, నీకంటే నాలుగైదేళ్ల ముందు చదివి, ఇంకా స్థిరపడక, రావాలా వద్దా అనుకుంటూ వచ్చినవాళ్లు ఉంటారు. నీకు అక్కరకొచ్చే మాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏ కంపెనీలో ఖాళీలున్నాయని అడగకు, ఇక్కడ చదివిన ఏ సబ్జెక్టు నిజంగా వాడుతున్నారని అడుగు. పరిచయమయ్యాక మిగతావి అవే వస్తాయి.

బ్యాడ్జీల పని నీకిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో. చదువుకున్న రోజుల్లో రిజిస్టర్‌లో ఉన్న పేరు కూడా రాయించు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి కూడా ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టలేకపోవడం చాలాసార్లు చూశాను. పేరు కింద డిపార్ట్‌మెంట్, చదివిన సంవత్సరం పెద్దక్షరాల్లో ఉండాలి. హోదాలు రాయించొద్దు. అవి రాయిస్తే సగం మంది అవే చదువుకుంటూ తిరుగుతారు.

ఇంతా చెప్పి, మూడు రోజులూ నువ్వే మోయాలని కాదు. పరీక్షలు నిజంగానే దగ్గర్లో ఉన్నాయి. ఉపన్యాసం సాయంత్రం, సమ్మేళనం రోజు చేస్తానని చెప్పు. ఎగ్జిబిషన్‌కి ఒక పూట చాలు, మిగతా పూటలకి వేరేవాళ్లని చూసుకోమను. రిహార్సల్స్ పేరుతో వారమంతా క్లాసులు ఎగ్గొట్టిస్తామంటే కుదరదని ముందే అనేయ్. ఒప్పుకోకపోతే నీ గైడ్‌తో మాట్లాడు, ఆవిడ వింటారు.

పరీక్షల టైమ్‌టేబుల్ నాకు ఫోటో తీసి పంపు, ఏ పూట నీకు ఖాళీ ఉంటుందో కలిసి చూద్దాం. హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఇప్పుడే కనుక్కో. సభ రోజు పొద్దున అందరూ వెతికేది దాని కోసమే.

అమ్మ