గ్లిజరాల్ పోసే ముందు

చిన్నీ,

ఈస్ట్ కణకవచాలతో ప్లాస్టిక్ కవరులా చేస్తున్న పల్చటి ఫిల్మ్ ఆరేసరికి అంచుల దగ్గర పగిలి పెచ్చులుగా లేస్తోందని, మెత్తబరిచే గ్లిజరాల్ ఇంకొంచెం పోసి చూస్తానని రాశావు. పోస్తే పగుళ్ళు తగ్గుతాయి, నిజమే. కానీ తర్వాత వచ్చే తంటాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు పళ్ళెంలో ఏం పోస్తున్నావో చూసుకో. ఈస్ట్ ఎండు బరువులో కణకవచం సుమారు 15 నుంచి 30 శాతం. అందులో సగానికి పైగా బీటా గ్లూకాన్లనే చక్కెర గొలుసులు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మానోప్రోటీన్లు (చక్కెర అతుక్కున్న ప్రోటీన్లు), కాస్త గట్టి పీచులాంటి కైటిన్. ఈ గ్లూకాన్లలో చాలా భాగం నీళ్ళలో కరగదు. అంటే నువ్వు పోసేది ద్రావణం కాదు, నీళ్ళలో తేలే డొల్లలు. వాటిని నలగ్గొట్టే యంత్రంలో, అదే హోమోజనైజర్‌లో, బాగా చితక్కొట్టకపోతే ఒకదాన్నొకటి పట్టుకోవు, ఆరాక పొడిలా రాలిపోతాయి. నాకు మొదటి అనుమానం అక్కడే. రెండోది, ఆరబెట్టడంలో నీ తొందర. అంచులు ముందు ఆరి ముడుచుకుంటాయి, మధ్యలో ఇంకా తడి ఉంటుంది, పగలక ఏం చేస్తుంది? వేడి తగ్గించి నిదానంగా ఆరనివ్వు. 50 డిగ్రీల దగ్గర ఆటోలిసిస్ (కణం తన ఎంజైములతో తానే కరగడం) అయ్యాక, గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో సరిగ్గా కడిగావా అన్నది కూడా చూసుకో. లోపలి సరుకు మిగిలిపోతే ఫిల్మ్‌కి రంగూ వాసనా వదలవు.

ఇక గ్లిజరాల్. అది ఆ గ్లూకాన్ గొలుసుల మధ్య దూరి వాటి పట్టు సడలిస్తుంది. ఫిల్మ్ బాగా సాగుతుంది, బలం తగ్గుతుంది. పైగా గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి నీటి ఆవిరి ఇంకా సులువుగా దాటిపోతుంది. అసలే ఈ రకం ఫిల్మ్‌లకు నీళ్ళంటే బలహీనత. అందుకే ఎండు పదార్థం బరువుతో లెక్కకట్టి కొద్దికొద్దిగా పెంచు, చేతికొచ్చినంత పోయకు.

టెస్టింగ్ దగ్గర నేను కొంచెం చాదస్తుణ్ణే, భరించు. ఫిల్మ్ ముక్కల్ని, సాగదీసి బలం కొలిచే మెషిన్‌కి నేరుగా బిగించకు. తేమ ఒకే స్థాయిలో ఉన్నచోట కనీసం రెండు రోజులు ఉంచు. ఛాంబర్ లేకపోతే మూత బిగించిన డబ్బాలో మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పెట్టు, 25 డిగ్రీల దగ్గర తేమ సుమారు 53 శాతం దగ్గర నిలుస్తుంది. ఈ పని చెయ్యకపోతే వానపడ్డ రోజు ఫలితం, ఎండకాసిన రోజు ఫలితం వేరువేరుగా వస్తాయి, ఆ తేడా ఫార్ములాది అనుకుంటావు. మందం చాలాచోట్ల కొలువు. తెంపడానికి పట్టిన బలాన్ని మందంతోనే భాగిస్తాం కదా, అక్కడ పది శాతం తేడా వస్తే జవాబులోనూ దాదాపు అంతే వస్తుంది. కొత్త బ్లేడుతో కొయ్యి, చిన్న గాటున్నా అక్కణ్ణుంచే తెగుతుంది. మెషిన్ పట్టుకునే గ్రిప్ దగ్గర తెగిన ముక్కని లెక్కలోకి తీసుకోకు.

ఆవిరి ఎంత దాటుతుందో చూసే పరీక్షకు, తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ వేసిన కప్పు మూతికి ఫిల్మ్ బిగించి, బరువు పెరుగుదల చూస్తూ ఉండు. గ్రాఫులో గీత తిన్నగా వచ్చే దాకా ఆగు. మొదటి గంటల లెక్కలు వదిలెయ్యి.

ప్లాస్టిక్ కవర్లన్నిటికీ ఇదే బదులు అని రిపోర్టులో రాయకు. ఇలాంటి ఫిల్మ్‌లు పొడిగా ఉన్నంతసేపు ఆక్సిజన్‌ని బాగానే అడ్డుకుంటాయి, తడి తగిలితే చేతులెత్తేస్తాయి. పొడి సరుకు మీద పూత అనో, ఇంకో పొరతో కలిపి వాడేది అనో రాస్తే నమ్ముతారు.

ఈసారి ఫోటోలు వద్దు. మందం, తేమ, గ్లిజరాల్ శాతం మూడూ ఒకే పట్టికలో రాసి పంపు.

నాన్న