పాఠాల్లో కళ: మా కమిటీ జమా ఖర్చుల వివరణ

దాతలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, కళాకారులకు నమస్కారం.

కళాకారులను తరగతి గదికి రప్పించి, చిత్రలేఖనాన్నీ సంగీతాన్నీ తోలుబొమ్మలాటనూ గణితం, సామాన్య శాస్త్రం, భాష పాఠాలతో కలిపి నేర్పించడానికి మీరిచ్చిన సొమ్ముకు ఈ లెక్క అప్పజెబుతున్నాం. రసీదులు, ఓచర్లు, బ్యాంకు పాసు పుస్తకం సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ ఉంచాం. ఏ వంతు దేనికి పోయిందో సులువుగా తెలియడానికి, వచ్చిన మొత్తాన్ని 100 వంతులుగా లెక్కించి ఇక్కడ రాస్తున్నాం.

జమలో 58 వంతులు విడివిడిగా దాతలు ఇచ్చినవి, 30 వంతులు రెండు సంస్థల గ్రాంటు, 12 వంతులు విద్యార్థుల ప్రదర్శన నాడు హుండీలో పడినవి. పాత గుడ్డలు, అట్టలు, చెక్క ముక్కలు ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. వాటికి వెల కట్టలేదు కనుక అవి జమలోనూ ఖర్చులోనూ కనిపించవు.

ఖర్చులో 61 వంతులు కళాకారుల పారితోషికమే. ఇందులో 39 వంతులు తరగతిలో పిల్లలతో పనిచేసినందుకు, 22 వంతులు అంతకుముందు ఉపాధ్యాయులతో కూర్చుని పాఠం తయారుచేసిన గంటలకు చెల్లించాం. పిల్లలు లేని గంటలకు డబ్బెందుకని సమావేశంలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. కళతో కలిసిన బోధనకు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని కళా కేంద్రం కెనెడీ సెంటర్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అటువంటి పాఠంలో సబ్జెక్టు లక్ష్యంతో పాటు కళ లక్ష్యం కూడా నెరవేరాలి. షికాగోలో 1992లో మొదలైన ఇటువంటి ప్రయత్నానికి కూడా కళాకారులు, ఉపాధ్యాయులు కలిసి పాఠం అల్లుకోవడమే పునాది. ఆ కూర్చోవడం లేకపోతే పాఠం చివర ఒక బొమ్మ గీయించి పంపేయడమే మిగులుతుంది.

మేం కళ్లారా చూసినది ఒకటి చెబుతాం. సరూప త్రిభుజాల పాఠానికి ఒక తోలుబొమ్మల కళాకారుడూ గణిత ఉపాధ్యాయురాలూ రెండు సాయంత్రాలు కూర్చున్నారు. తరగతిలో దీపానికీ తెరకూ మధ్య 2 మీటర్ల దూరం ఉంచారు. బొమ్మను దీపానికి 1 మీటరు దూరంలో పట్టుకుంటే నీడ రెట్టింపైంది, అర మీటరుకు జరిపితే నాలుగింతలైంది. రాక్షసుడు తెర మీద రాజు కంటే మూడింతలు కనిపించాలని పిల్లలు పట్టుబట్టారు. ఒక అమ్మాయి పలక మీద లెక్క కట్టి, బొమ్మ నిలవాల్సిన చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. దీపానికి దగ్గరయ్యేకొద్దీ నీడ అంచులు ఎందుకు మసకబారుతున్నాయని మరొకరు అడగడంతో, వెలుగు ఒక్క బిందువు నుంచి రావడం లేదన్న సంగతి సామాన్య శాస్త్రం పాఠంలోకి వెళ్లింది. ఆ 22 వంతులు పోయింది ఇందుకే, ఆ ఖర్చును తగ్గించాలని కమిటీ అనుకోవడం లేదు.

సామగ్రికి 17 వంతులైంది. ఇందులో 4 వంతులు వృథా అయ్యాయని విచారంతో తెలియజేస్తున్నాం. కళాకారులను అడగకముందే రంగు డబ్బాలు ఎక్కువగా కొన్నాం, వాడకంలోకి రాకముందే చాలా వాటిలో రంగు గట్టిపడిపోయింది. ఇకపై కళాకారుడూ ఉపాధ్యాయుడూ ఇద్దరూ సంతకం చేసిన జాబితా లేకుండా ఏ వస్తువూ కొనబోమని తీర్మానించాం.

ప్రయాణాలకు 8 వంతులు, ప్రదర్శనకు 5 వంతులు, ముద్రణకూ బ్యాంకు రుసుములకూ 2 వంతులు అయ్యాయి. గ్రాంటు ఇచ్చిన రెండు సంస్థల్లో ఒకదాని నుంచి రెండో విడత ఆలస్యంగా అందడం వల్ల కొందరు కళాకారులకు పారితోషికం ఆరు వారాలు ఆలస్యమైంది. ఏ రోజుకారోజు సంపాదన మీద బతికేవారికి ఆరు వారాలంటే ఎంత కష్టమో మాకు తెలుసు. వారికి క్షమాపణ చెబుతున్నాం. ఇకపై గ్రాంటు చేతికి వచ్చాకే తేదీలు ఖాయం చేస్తాం.

మొత్తం ఖర్చు 93 వంతులు, నిల్వ 7 వంతులు. ఈ నిల్వతో పిల్లలకు బహుమతులు కొనాలన్న సూచన వచ్చింది గాని, కొత్తగా చేరబోయే ఉపాధ్యాయులు కళాకారులతో పాఠం తయారుచేసుకునే గంటలకు దానిని కేటాయిస్తూ కమిటీ తీర్మానించింది. ఈ లెక్కలో ఎవరికి ఏ అనుమానం కలిగినా కోశాధికారి వద్ద ఓచర్లు చూడవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి, కోశాధికారి