కార్డు ఇచ్చారు, మందేదీ?

సంపాదకులకు నమస్కారం.

ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) పరీక్షలు దాదాపు పూర్తయ్యాయని పోయిన వారం మీ పత్రికలో అధికారుల ప్రకటన చదివాను. అప్పటినుంచి కడుపు రగిలిపోతోంది. పరీక్ష చేశారు, జబ్బుందో లేదో రాసిన కార్డు చేతిలో పెట్టారు. మరి మందేదీ?

మన్యం ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సుగా చేసి రిటైరైన దాన్ని. ఈ జబ్బుతో ఏడాది నిండని బిడ్డకు చేతులు, పాదాలు బూరెల్లా పొంగి, తాకితే గుక్కపట్టి ఏడుస్తుంటే 'ఏదో కుట్టి ఉంటుంది' అని ఆయింట్‌మెంటు రాసి పంపేవారు. ఇంకో పిల్లకు ఉన్నట్టుండి ఎడమ డొక్క ఉబ్బుతుంది, పెదాలు తెల్లబడతాయి. రక్తం ప్లీహంలో (ఎడమ డొక్కలో ఉండే అవయవం) చిక్కుకుపోయిందన్నమాట. వెంటనే రక్తం ఎక్కించకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. మా దగ్గర రక్తనిధి లేదు. చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపడమే. ఘాట్‌రోడ్డు దిగకుండానే పోయిన పిల్లలున్నారు.

ఇవన్నీ తప్పించలేని చావులు కావు. రోజూ రెండు పూటలా పెన్సిలిన్ ఇస్తే ఈ జబ్బున్న పసివాళ్లలో ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని అమెరికాలో 1986లోనే తేల్చారు. హైడ్రాక్సీయూరియా అనే మందు వాడితే నొప్పులు, రక్తమార్పిడి, మరణాలు తగ్గుతాయని అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా పిల్లల మీద చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆ ఆసుపత్రులేమీ మనకన్నా కలిగినవి కావు.

ఇక్కడ పీహెచ్‌సీలో అడిగితే స్టాక్ లేదంటారు. మందు కోసం కూలి మానుకుని, బిడ్డనెత్తుకుని జిల్లా కేంద్రానికి పోవాలి. అక్కడ ఇచ్చేదీ పెద్దల 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్. తల్లి దాన్ని విప్పి నీళ్లలో కలిపి, అందాజుగా సగం తాగించాలి. డోసు సరిచూసే రక్తపరీక్షకు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీ. డాక్టర్లేమో ఏజెన్సీ పోస్టింగ్ అంటే శిక్షనుకుంటారు, చేరిన నెలకే డిప్యుటేషన్ మీద మైదానానికి దిగిపోతారు. అడిగే నాథుడు లేడు.

2023 జులై 1న ప్రధాని సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047కల్లా జబ్బును లేకుండా చేస్తామన్నారు. సంతోషమే. కానీ ఎంతమంది పిల్లలు మందు వాడుతున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమంది చనిపోయారు? మీరు వేసిన వార్తలో ఆ లెక్క ఒక్క ముక్క లేదు.

పెన్సిలిన్, హైడ్రాక్సీయూరియా ప్రతి పీహెచ్‌సీలో ఉంచాలి. కార్డున్న బిడ్డ జ్వరంతో వస్తే ఓపీ క్యూలో నిలబెట్టకుండా ముందు చూడాలి. ప్లీహం పెరిగిందేమో చేత్తో తడిమి చూసుకోవడం తల్లులకు ఏఎన్‌ఎంలు పది నిమిషాల్లో నేర్పగలరు, దానికి ఏ జీవో అక్కర్లేదు. అధికారులు ఈసారి పరీక్షల లెక్కతోపాటు మందుల స్టాకు లెక్క కూడా మండలాలవారీగా ఇవ్వాలి. ఇవ్వకపోతే మీ విలేకరులు అడిగి రాయాలి.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు