చిన్న బృందం అయితే చాలదు, ఊరి మాట చెల్లాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

ప్రాచీన శిథిలాలను చూస్తూ, వాటి పక్కన నివసించే జనంతో కొద్ది రోజులు గడిపే చిన్న బృందాల యాత్రల గురించి ఈమధ్య పర్యాటక పుటల్లో వ్యాసాలూ ప్రకటనలూ తరచుగా కనిపిస్తున్నాయి. యాభై మంది ఒక్కసారిగా బస్సు దిగి, అరగంటలో ఫొటోలు తీసుకుని వెళ్లిపోయే పద్ధతి కంటే ఇది ఎంతో మేలని నేనూ గట్టిగా నమ్ముతాను. అయితే ఆ రాతలు దాదాపు అన్నీ ‘పది మందికి మించని బృందం’ అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ పది మంది ఎవరి అనుమతితో ఊళ్లోకి వస్తున్నారు, ఎవరి ఇంట్లో ఉంటున్నారు, వాళ్లు కట్టిన సొమ్ములో ఎంత ఆ ఊళ్లో మిగులుతోంది అన్న సంగతులు మాత్రం ఎక్కడా కనపడవు. అసలు విషయం అక్కడే ఉందని నా అభిప్రాయం. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

సంఖ్య తగ్గడం వల్ల కట్టడాలకు కలిగే మేలును నేను తక్కువ చేయడం లేదు. ఈజిప్టులో నెఫర్తారీ రాణి సమాధిని ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త ఎర్నెస్టో స్కియాపరెల్లీ 1904లో వెలికితీశారు. కొండరాతిలోని ఉప్పు తేమకు కరిగి గోడల మీది పూత కింద స్ఫటికాలుగా పేరుకోవడంతో రంగులు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోసాగాయి. 1986 నుంచి 1992 దాకా ఓపికగా పరిరక్షణ పనులు చేసి, 1995లో జనానికి తెరిచినప్పుడు రోజుకు 150 మందిని మాత్రమే, అదీ పది నిమిషాల సేపే లోపలికి పంపారు. లోపలికి వెళ్లినవాళ్లు గోడను తాకకపోయినా, వాళ్ల ఊపిరిలోని తేమే ఆ బొమ్మలకు ప్రమాదం కాబట్టి అంత కట్టుదిట్టం అవసరమైంది. ఫ్రాన్సులో 1940లో బయటపడ్డ, ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహను ఆ జాగ్రత్త లేకుండా 1948 నుంచి జనానికి చూపించారు. సందర్శకుల ఊపిరి వల్ల, వాళ్ల కోసం పెట్టిన దీపాల వల్ల గోడల మీద నాచు పట్టి, చివరికి 1963లో దాన్ని మూసివేయక తప్పలేదు. వేల ఏళ్లు చెక్కుచెదరని చిత్రాలను పదిహేనేళ్ల సందర్శన ఆ స్థితికి తెచ్చింది.

కానీ లెక్క ఇంతటితో తేలదు. పదేసి మంది బృందాలు ఒకే ఉదయం యాభై వస్తే అయిదు వందల మంది వచ్చినట్టే. ఒక్కో సంస్థ తన బృందం చిన్నదని చెప్పుకోవచ్చు, ఆ మాట నిజమే కావచ్చు కూడా, అయినా గుడి మెట్ల మీద జనం ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంటారు. పరిమితి బృందానికి పెడితే చాలదు, స్థలానికి పెట్టాలి. పెరూలో ప్రాచీన కొండ నగరం మాచు పిచ్చుకు కాలినడకన వెళ్లే ఇన్కా దారి (ఇన్కా రాజుల కాలపు బాట) మీద రోజుకు అయిదు వందల మందికి మించి అనుమతించరు. ఆ లెక్కలో యాత్రికులతో పాటు గైడ్లు, సామాన్లు మోసే కూలీలు కూడా ఉంటారు. ఏటా ఫిబ్రవరిలో దారిని పూర్తిగా మూసివేసి మరమ్మతులు చేస్తారు. కంబోడియాలో అంకోర్ ప్రాంతంలోని బాఖెంగ్ కొండగుడి మీదికి సూర్యాస్తమయం చూడటానికి ఒక్కసారిగా మూడు వందల మందికి మించి ఎక్కనివ్వరు. ఇవి యాత్రా సంస్థల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన ఏర్పాట్లు కావు. ఆ స్థలాన్ని చూసుకునే యంత్రాంగం పెట్టిన నిబంధనలు. అందుకే నిలబడ్డాయి.

ఇన్కా దారి కూలీల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాలి. ఒక్కొక్కరి వీపు మీద మోయలేనంత బరువు పెట్టి కొండలెక్కించే అలవాటు అక్కడ ఎన్నో ఏళ్లు సాగింది. 2001లో పెరూ ప్రత్యేక చట్టం చేసి, ఒక కూలీ మోసే బరువు ఇరవై కిలోలు దాటకూడదని నిర్ణయించింది. బృందం చిన్నదైనంత మాత్రాన కూలీ వీపు మీద బరువు తగ్గదు, తగ్గించడానికి చట్టం కావలసి వచ్చింది.

ఇక జనం సంగతి. శిథిలాలంటే ఎప్పుడో నిర్మానుష్యమైపోయిన చోట్లని అనుకుంటాం గానీ, చాలా చోట్ల మన కాలంలోనే మనుషులను ఖాళీ చేయించి వాటిని అలా తయారు చేశారు. జోర్డాన్‌లోని ప్రాచీన నగరం పెట్రాలో బదూల్ తెగ బెదువిన్లు (అరబ్బు సంచార జనం) తరతరాలుగా ఆ రాతి గుహల్లోనే కాపురం ఉండేవారు. 1985లో పెట్రా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, అదే కాలంలో వాళ్లను పక్కనే కట్టించిన ఉమ్మ్ సైహూన్ అనే ఊరికి తరలించారు. ఇరవై ఏళ్లు గడిచాక, 2005లో, పెట్రా, వాదీ రమ్ ప్రాంతాల బెదువిన్ల సంస్కృతి మానవాళి అమూల్య వారసత్వమని అదే యునెస్కో ప్రకటించింది. మయన్మార్‌లో పాత బగాన్ గోపురాల మధ్య నివసించిన ఊరివాళ్లను 1990లో అప్పటి సైనిక ప్రభుత్వం బలవంతంగా కొత్త బగాన్‌కు పంపింది. ఈజిప్టులో లక్సోర్‌కు ఎదురుగా నైలు పడమటి ఒడ్డున, ప్రాచీన ప్రభువుల సమాధుల మీదే ఇళ్లు కట్టుకుని బతికిన గుర్నా ఊరిని 2006 తరువాత కూల్చివేశారు. సమాధుల రక్షణకు ఏదో ఒక ఏర్పాటు అవసరమన్న వాదనను నేను కొట్టిపారేయను. అయినా ముందు అక్కడి మనుషులను పంపించివేసి, ఆ తరువాత ‘స్థానిక జీవనాన్ని దగ్గరగా చూడండి’ అని యాత్రలు అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. అలాంటి చోటికి వెళ్లేవాళ్లకు కనీసం ఆ చరిత్రయినా తెలియాలి. యాత్ర కరపత్రాల్లో రాజుల పేర్లూ శతాబ్దాలూ ఉంటాయి, ఈ తరలింపుల మాట మాత్రం ఉండదు.

ఊరివాళ్లు దగ్గరలో ఉంటే శిథిలాలకు ముప్పు అనే వాదనకు కంబోడియా వాయవ్య మూలన ఉన్న బాంతియే ఛ్మార్ ఆలయాన్ని జవాబుగా చూపించాలనిపిస్తుంది. అంకోర్‌లోని బాయోన్ ఆలయం లాగానే ఇదీ ఖ్మేర్ రాజు ఏడవ జయవర్మ కట్టించినదే. దీని పడమటి గోడ మీద అనేక బాహువులున్న బోధిసత్వుడు లోకేశ్వరుడి శిల్పాలను వరుసగా చెక్కారు. 1998లో, అంతర్యుద్ధపు ఛాయలు పూర్తిగా తొలగని రోజుల్లో, సాయుధులు వచ్చి ఆ గోడ భాగాన్ని రాయి తరువాత రాయిగా విడదీసి లారీలకెక్కించి సరిహద్దు దాటించారు. వందకు పైగా రాతి ముక్కలున్న ఒక లారీని థాయిలాండ్ పోలీసులు పట్టుకున్నారు. వాటిని కలిపి నిలబెట్టిన రెండు లోకేశ్వర శిల్పాలు ఇప్పుడు నోమ్ పెన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని శిల్పాలు ఎటు పోయాయో తెలియదు. నేడు గోడకు ఉన్న ఆ ఖాళీ ముందు నిలబడితే, పక్క రాళ్ల అంచులు తాజాగా కోసినట్టు తేటగా కనిపిస్తాయి. శతాబ్దాల ఎండావానలు చేసిన అరుగుదలకూ, ఒక్క దోపిడీ మిగిల్చిన గాయానికీ తేడా అక్కడ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ ఊరివాళ్లే ఒక సంఘంగా ఏర్పడి, వచ్చినవాళ్లకు తమ ఇళ్లలో బస ఇవ్వడం, ఆలయం చూపించడం మొదలుపెట్టారు. అతిథులను ఏ ఇంటికి పంపాలో సంఘమే చూస్తుంది. వచ్చే ఆదాయంలో కొంత ఊరి ఉమ్మడి నిధికి చేరుతుంది. ఆలయం నిలబడి ఉంటేనే తమ ఇంటికి నాలుగు రాళ్లు వస్తాయని, అది తమ చేతుల్లోనే ఉంటుందని నమ్మిన ఊరు, జీతానికి పెట్టిన కావలివాడి కంటే మెలకువగా ఉంటుంది. ఈ యాత్రలకు నేను మద్దతు పలకడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే ఆ అధికారం ఊరి చేతిలో నుంచి జారిపోతే ఏమవుతుందో పెరూలోని టిటికాకా సరస్సు మధ్యన ఉన్న తాకీలే దీవి చెబుతుంది. అక్కడ మగవాళ్లు నడుస్తూ, మాట్లాడుతూ కూడా ఊలు టోపీలు అల్లుతూ ఉంటారు. టోపీ రంగును బట్టి పెళ్లయినవాడా కానివాడా చెప్పవచ్చు. ఆడవాళ్లు నేసే వెడల్పాటి నడికట్టులో ఏడాది పొడుగునా జరిగే సేద్యపు పనులూ పండుగలూ బొమ్మలుగా ఉంటాయి, అంటే అది నడుముకు కట్టుకునే పంచాంగం. ఈ నేతకళను యునెస్కో 2005లో గుర్తించింది. యాత్రికులు రావడం మొదలైన తొలి ఏళ్లలో దీవివాళ్లే పడవలు సమకూర్చుకుని అతిథులను తెచ్చుకునేవారు, రేవులోనే ఏ ఇంటికి ఎవరన్నది వంతుల ప్రకారం నిర్ణయించేవారు. క్రమంగా పడవల రాకపోకలు ఒడ్డునున్న పట్టణపు సంస్థల చేతికి పోయాయి. ఆ తరువాత వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు మూడు గంటలు తిరిగి, రాత్రి బస లేకుండా వెనక్కి వెళ్లేవాళ్లే. దీవి అదే, జనం అదే, నేత అదే. పడవ ఎవరిదన్న ఒక్క విషయం మారడంతో రాబడి దారి కూడా మారిపోయింది. అలా వచ్చిన బృందం ఎనిమిది మందిదా ఎనభై మందిదా అన్నదాన్ని బట్టి ఆ ఊరికి ఒరిగేది పెద్దగా ఉండదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే యాత్రికులు సంస్థలను సూటిగా అడగాలి. గైడు ఆ ప్రాంతపు మనిషేనా, బస ఎవరి ఇంట్లో, ఆ ఇంటివాళ్లకు మనిషికి ఎంత ముడుతుంది, ఇన్ని రోజులకు ఇంతమందే రావాలని ఊరు ఏమైనా కట్టుబాటు పెట్టుకుందా, పెట్టుకుంటే మీరు పాటిస్తున్నారా అని అడగడంలో మొహమాటం ఏమీ అక్కర్లేదు. నిజాయితీగా నడుపుతున్న సంస్థ దగ్గర వీటికి జవాబులు సిద్ధంగా ఉంటాయి. స్థానిక గైడు విషయంలో నేను మరింత పట్టుదలగా ఉంటాను. 1890లలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టులోని ఖిఫ్త్ ఊరివాళ్లకు తవ్వకాల్లో శిక్షణ ఇచ్చాడు. ఆ తరువాత దేశమంతటా ఎన్నో తవ్వకాల్లో మేస్త్రీలుగా ఖిఫ్త్ వాళ్లే పనిచేశారు. మట్టి రంగులోని చిన్న తేడాను బట్టి కింద మట్టిఇటుక గోడ ఉందో లేదో పట్టుకోగల నేర్పు వాళ్లది. పుస్తకాల మీద మాత్రం వాళ్ల పేర్లు అరుదు. శిథిలాల చుట్టూ ఉండే ఊళ్లలో ఇలాంటి జ్ఞానం ఉంటుంది, దాన్ని వాళ్ల నోటితోనే వినాలి.

హోమ్‌స్టేల విషయంలో ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. అతిథి వచ్చినప్పుడు పెరిగే వంట, ఊడ్పు, పక్కబట్టల ఉతుకు ఎవరి మీద పడుతున్నాయి? ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్ల మీదనే. మరి సొమ్ము వాళ్ల చేతికి వస్తోందా? ఇదీ అడగవలసిందే. ఒకరి గడపలోకి కెమెరాతో వెళ్లే ముందు అనుమతి తీసుకోవడం, అతిథుల కోసం వేళ మార్చి పూజలూ ఆటపాటలూ చేయించమని ఒత్తిడి పెట్టకపోవడం, బడి ఈడు పిల్లలు అమ్మే వస్తువులు కొనకపోవడం వంటివి వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి యాత్రలకు ఖర్చు ఎక్కువవుతుందని, మధ్యతరగతికి అందవని కొందరు అంటారు. అది కొంతవరకు నిజం. అయితే విమానం, పెద్ద హోటలు, మధ్యవర్తి కమిషను కలిసి మింగే వాటా ముందు ఊరికి దక్కేది స్వల్పం. ఖర్చు తగ్గించాలంటే ఆ పెద్ద పద్దుల దగ్గర తగ్గించాలి. నాలుగు దేశాలు చుట్టే బదులు ఒకే చోట ఎక్కువ రోజులు ఉంటే ఆ పద్దులు వాటంతట అవే తగ్గుతాయి. యాత్ర కూడా యాత్రలా ఉంటుంది.

చివరగా పత్రికకు నా విన్నపం. శిథిలాల గురించి వేసే ప్రతి పర్యాటక వ్యాసంలోనూ ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి అన్న వివరాల పక్కనే, అక్కడ ఎవరు నివసిస్తున్నారు, ఎవరిని ఎప్పుడు తరలించారు, రోజువారీ పరిమితి ఎంత, ఊరి సంఘం ఏదైనా ఉంటే నేరుగా ఎలా సంప్రదించాలి అన్న సమాచారం కూడా నాలుగు వాక్యాల్లో ఇవ్వండి. యాత్రా సంస్థ ఖర్చుతో వెళ్లి రాసిన వ్యాసమైతే ఆ సంగతిని వ్యాసం మొదట్లోనే, చదివేవాళ్ల కంటికి ఆనే అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు