పాత తుపాకీకి కొత్త మెరుగు చేటు

సంపాదకులకు నమస్కారం.

పాత తుపాకుల సేకరణపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. వ్యాసకర్త చాలా సంగతులు చక్కగా చెప్పారు గానీ, అమ్మే ముందు తుపాకీకి మెరుగు పెట్టించి కొత్త నీలిపూత (ఉక్కు తుప్పు పట్టకుండా దాని మీద తెప్పించే నీలినలుపు పొర) వేయిస్తే మంచి ధర పలుకుతుందన్న సలహా మాత్రం పూర్తిగా తప్పు. ఎరిగినవారు ఈ పాత సరుకు కోసం ఎందుకంత వెంపర్లాడతారో గమనిస్తే ఆ తప్పు తెలిసిపోతుంది.

పనితనం ఒక్కటే కావాలనుకుంటే పాతది కొనవలసిన అవసరమే లేదు. 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌కు అచ్చు గుద్దినట్టుండే నకళ్లు ఇటలీలో ఇప్పటికీ తయారవుతున్నాయి, వాటిలో వాడే ఉక్కు కూడా ఆనాటి దానికంటే మేలైనది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన పిస్టల్‌నూ ఎన్నో సంస్థలు నేటికీ చేస్తూనే ఉన్నాయి. అయినా అసలుదానికి నకలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చి కొనేవారున్నారంటే, వారు కొంటున్నది కాల్చే యంత్రాన్ని కాదు, ఫలానా కాలంలో ఫలానా కర్మాగారంలో పనివాళ్ల చేతుల మీదుగా వెళ్లిన ఆ ఒక్క వస్తువును.

వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ సంగతే చూడండి. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి సంస్థ దాని తయారీని మార్చింది. తూటా వెనుక అంచును పట్టుకుని గొట్టంలోకి నడిపించే పొడవాటి కొక్కెం పోయింది, రైఫిల్ కర్ర పిడి మీద పట్టు కోసం చేత్తో చెక్కే గళ్ల స్థానంలో అచ్చుతో ఒత్తిన గళ్లు వచ్చాయి. కొనేవారికి ఆ తేడా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. 1990లలో సంస్థ ఆ కొక్కేన్ని మళ్లీ తెచ్చినా, ‘64కు ముందుది’ అన్న మాట సేకరణదారుల నోట నేటికీ ఒక హోదాలా నిలిచిపోయింది.

ఇక 1908లో జర్మన్ సైన్యం స్వీకరించిన లూగర్ పిస్టల్ విషయంలో పట్టింపు మరీ ఎక్కువ. దాని చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ సంఖ్యలోని చివరి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ ఒకే సంఖ్యవైతే ఒక ధర, మధ్యలో ఒక్క భాగం వేరే పిస్టల్‌దైతే ఇంకో ధర. బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు, నాకూ ఒకప్పుడు అలాగే తోచింది. కానీ సీరియల్ సంఖ్య విలువ సేకరణదారుల పట్టింపుతోనే ఆగిపోదు. అమెరికాలో 1898లోనూ అంతకు ముందూ తయారైనవాటిని కేంద్ర చట్టం పురాతన ఆయుధాలుగా వేరుచేసి చూస్తుంది కనుక, తయారీ సంవత్సరాన్ని పట్టిచ్చే సీరియల్ సంఖ్యకు అక్కడ చట్టపరమైన విలువ కూడా ఉంది.

మెరుగు చక్రం ముందుగా అరగదీసేది సరిగ్గా ఇలాంటి గుర్తులనే. నా మిత్రుడొకరు తాతగారి నుంచి సంక్రమించిన రివాల్వర్‌ను, లైసెన్సు పత్రాలన్నీ సరిచేయించుకున్న తరువాత, ఇటువంటి సలహా విని ఒక పనివాడికి అప్పగించారు. తిరిగి వచ్చినప్పుడు అది అద్దంలా మెరిసింది. కొనడానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూశారు. గొట్టం మీది అక్షరాలు సగం అరిగిపోయాయి, కత్తి అంచులా ఉండవలసిన పలకల అంచులు సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి, స్క్రూల రంధ్రాల చుట్టూ లోహం సాసరులా కుంగింది. ఆయన ధర కూడా అడగకుండా దాన్ని బల్ల మీద పెట్టేశారు.

మెరుగు పెడితే పోయేవి గుర్తులే కాదు, పాత రంగులు కూడా. కోల్ట్ చట్రం మీద కనిపించే నీలి, గోధుమ, గడ్డి రంగుల మబ్బుచారలు పూసిన రంగులు కావు. ఎముకల బొగ్గు, కర్ర బొగ్గు మధ్య కూరి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచినప్పుడు ఉక్కు ఉపరితలం గట్టిపడుతూ తెచ్చుకున్న రంగులవి. వెలుతురుకూ అరచేతి రాపిడికీ అవి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వెలిసిపోతాయి. గొట్టం కొసన తోలు ఒర రాసుకుని నీలం పోయిన చోటు కూడా సేకరణదారు కంటికి లోపంగా కనిపించదు. మనిషిని చంపగల వస్తువు మీద ఇంత మమకారమేమిటని అడిగేవారికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కత్తులనూ ఫిరంగులనూ ప్రదర్శనశాలల్లో ఏ కారణాన దాచుకుంటున్నామో ఇదీ అందుకేనని మాత్రం చెప్పగలను.

అలాగని తుప్పు పడుతుంటే చూస్తూ కూర్చోమని నా ఉద్దేశం కాదు. తూటా లేదని నిర్ధారించుకున్నాక మెత్తని గుడ్డతో పలుచగా నూనె పట్టించడం, తేమ తగలని చోట భద్రపరచడం చాలు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టిన పాత డమాస్కస్ గొట్టాల్లో నేటి తూటాలు కాల్చడం మాత్రం ప్రాణాపాయం, ఆ మాట కూడా వ్యాసంలో ఉండవలసింది.

ఆ వ్యాసాన్ని నమ్మి ఎవరైనా తమ ఇంటి తుపాకీని మెరుగు చక్రానికి అప్పగించకముందే, వచ్చే ఆదివారం సంచికలో ఈ సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు